ముల్లు చెప్పిన రహస్యం – ఎలీ మెచ్నికోవ్ జీవితం

కాలిలో తుమ్మముల్లు గుచ్చుకోని హాస్టల్ విద్యార్థి ఉండడు. గ్రౌండులో ఆడేటప్పుడు గుచ్చుకుంటే పిన్నీసుతో తీసుకుని మళ్లీ ఆటకు పోతాం. తీయకుండా వదిలేస్తే రెండో రోజుకు ఆ చోటు ఎర్రబడుతుంది, వాస్తుంది, చీము పడుతుంది. చీమును చూసి అసహ్యించుకుంటాం. కానీ అందులో ఎక్కువ భాగం మన కోసం పోరాడి చనిపోయిన తెల్ల రక్తకణాలే. ఒంట్లోకి చొరబడినదాన్ని తినేసే కణాలు మనలో ఉన్నాయని, వాపు అనేది ఆ పోరాటమేనని లోకానికి చాటిన శాస్త్రవేత్త ఎలీ మెచ్నికోవ్. ఆయన ఆ సంగతిని కనుక్కున్నది మనిషి కాలిలో కాదు. సముద్రంలో బతికే ఒక చిన్న ప్రాణిలో, గులాబీ ముల్లు గుచ్చి కనుక్కున్నారు.

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగినప్పుడు ఈయన గురించే రాయాలని మేమంతా అనుకున్నాం. దానికి కారణం ఉంది. ఈ హాస్టల్లో చదివి వెళ్లిన మాలో చాలామందిమి ఇప్పుడు హైదరాబాదులో, హైటెక్ సిటీ చుట్టుపక్కల బతుకుతున్నాం. కొందరం కోడ్ రాస్తాం, కొందరం చిప్‌లు డిజైన్ చేసే ఆఫీసుల్లో ఉన్నాం, కొందరం క్యాబ్ నడుపుతాం, ఒకరిద్దరం క్యాంటీన్లలో పనిచేస్తాం. అక్కడ నానోమీటర్ అనే మాట తరచుగా వినబడుతుంది. మీటరును 100 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటర్. మన తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. 100 నానోమీటర్ల లోపు ఉండే రేణువులను ఇప్పుడు మందుల్లో, బట్టల్లో, రంగుల్లో కలుపుతున్నారు. అవి నీటిలోకి చేరితే అక్కడి చిన్న ప్రాణుల జీవకణాలు వాటిని ఎలా లోపలికి తీసుకుంటాయన్నది నేటి శాస్త్రవేత్తల ప్రశ్న. ఆ ప్రశ్న వెనక్కి వెతుక్కుంటూ పోతే మెచ్నికోవ్ దగ్గరికి చేరతాం.

బాల్యం, చదువు

మెచ్నికోవ్ 1845 మే నెలలో అప్పటి రష్యా సామ్రాజ్యంలోని ఖార్కోవ్ దగ్గర ఒక పల్లెలో పుట్టారు. ఆ ప్రాంతం నేడు ఉక్రెయిన్ దేశంలో ఉంది. ఐదుగురు పిల్లల్లో ఆయనే చిన్నవాడు. తండ్రి సైన్యంలో అధికారి. అన్నకు చదువు చెప్పడానికి ఇంటికి వచ్చే ఒక విద్యార్థి ఈ పిల్లవాడికి మొక్కల మీద, పురుగుల మీద ఇష్టం కలిగించాడు. ఎనిమిదేళ్ల వయసులోనే తను నేర్చుకున్నది తోటి పిల్లలకు పాఠంగా చెప్పేవాడట. వాళ్లు కదలకుండా కూర్చుని వినాలని తన చేతి ఖర్చు డబ్బులు వాళ్లకే ఇచ్చేవాడట.

ఖార్కోవ్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల చదువును రెండేళ్లలో ముగించి 1864లో పట్టా తీసుకున్నారు. అప్పటికి వయసు 19. వెంటనే సముద్ర జీవులను చూడడానికి జర్మనీ తీరంలోని హెలిగోలాండ్ దీవికి వెళ్లారు. మరుసటి ఏడాది గీసెన్ పట్టణంలో ఒక బల్లపరుపు పురుగును సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తుండగా ఒక వింత కనబడింది. మనలాగా ఆహారాన్ని పేగు గొట్టంలో కరిగించి పీల్చుకోవడం కాదు, ఆ పురుగు పేగులోని జీవకణాలు ఆహారపు ముక్కలను నేరుగా తమ లోపలికే తీసుకుని అరిగించుకుంటున్నాయి. అమీబా మిథ్యాపాదాలు చాచి ఆహారాన్ని చుట్టేస్తుందని మనం పదో తరగతిలోపే చదువుకుంటాం. ఎన్నో కణాలున్న ప్రాణిలో కూడా ఒక్కో కణం అమీబాలాగే తింటోందన్నమాట. ఆ చూపు ఆయన మనసులో అలాగే ఉండిపోయింది.

అక్కడి నుంచి ఇటలీలోని నేపుల్స్ తీరానికి వెళ్లారు. అలెగ్జాండర్ కొవలెవ్‌స్కీ అనే మరో యువ శాస్త్రవేత్తతో కలిసి సముద్ర జీవుల పిండాలను పరిశీలించారు. 1867లో ఇద్దరికీ కలిపి బేర్ బహుమతి వచ్చింది. 1870లో ఒడెస్సా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. పాతికేళ్లకే ప్రొఫెసర్ అంటే అంతా సాఫీగా సాగిందని అనుకుంటాం. కానీ సాగలేదు.

చీకటి రోజులు

1869లో ఆయన లుద్మిలాను పెళ్లి చేసుకున్నారు. ఆమెకు అప్పటికే క్షయ. పెళ్లినాడు నడవలేకపోతే కుర్చీలో కూర్చోబెట్టి చర్చికి మోసుకెళ్లారు. నాలుగేళ్లు ఆమెను బతికించుకోవడానికి ఆయన ఊరూరా తిరిగారు. తర్జుమాలు చేసి, పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టారు. సూక్ష్మదర్శినిలో అదేపనిగా చూసి కళ్లు దెబ్బతిన్నాయి. 1873 ఏప్రిల్‌లో మదీరా దీవిలో ఆమె కన్నుమూసింది. భార్య లేదు, చేసే పనికి కళ్లు సహకరించడం లేదు. ఆయన ప్రాణం తీసుకోవాలనుకున్నారు. ప్రయత్నించి, బతికి బయటపడ్డారు.

ఆ రోజుల్లోనే స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో ఒక రాత్రి వంతెన మీద నిలబడి ఉన్నారు. మనసులో ఇంకా చావు ఆలోచనే. వంతెన మీది దీపం చుట్టూ రెక్కల పురుగులు గుంపుగా తిరుగుతున్నాయి. వాన పడ్డ రాత్రి మన హాస్టల్ ట్యూబులైటు చుట్టూ ఉసిళ్లు మూగినట్టు. నీటిలో పుట్టి, రెక్కలు వచ్చాక కొద్ది కాలమే బతికే పురుగులు అవి. తిండి కూడా తినకుండా ఇంత తక్కువ కాలం బతికే ప్రాణికి డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం ఎలా వర్తిస్తుందన్న ప్రశ్న ఆయనకు తోచింది. ప్రశ్న తోచగానే జవాబు వెతకాలనిపించింది. జవాబు వెతకాలంటే బతకాలి. అలా ఆ రాత్రి గడిచింది.

1875లో ఓల్గాను రెండో పెళ్లి చేసుకున్నారు. కొన్నేళ్లకు ఆమెకు టైఫాయిడ్ వచ్చి చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఆయన మళ్లీ కుంగిపోయి మరోసారి ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. ఈసారీ బతికారు, ఓల్గా కూడా కోలుకుంది. తర్వాతి కాలంలో ఆయన జీవిత చరిత్రను రాసింది ఆమే.

తమ్ముళ్లారా, ఈ భాగాన్ని దాచి రాయాలని మేం అనుకోలేదు. పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు రాత్రి హాస్టల్ గదులు ఎంత నిశ్శబ్దంగా ఉంటాయో మాకు తెలుసు. 1873లో మెచ్నికోవ్ చనిపోయి ఉంటే ఆయన పేరు ఈరోజు ఎవరికీ తెలిసేది కాదు. ఆయన చేసిన గొప్ప పని అంతా ఆ తర్వాతే.

మెస్సీనా ఇంట్లో

1881లో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ హత్య జరిగాక విశ్వవిద్యాలయాల మీద ప్రభుత్వ ఒత్తిడి పెరిగింది. విద్యార్థుల గొడవలు, పై అధికారుల జోక్యం భరించలేక 1882లో మెచ్నికోవ్ ఉద్యోగానికి రాజీనామా చేశారు. భార్యను, తల్లిదండ్రులు లేని ఆమె తమ్ముళ్లను, చెల్లెళ్లను వెంటబెట్టుకుని ఇటలీ దక్షిణాన సిసిలీ దీవిలో ఉన్న మెస్సీనాకు వెళ్లారు. ఉద్యోగం లేదు, ప్రయోగశాల లేదు. అద్దె ఇంటి ముందు గదిలో ఒక సూక్ష్మదర్శిని, కిటికీలోంచి చూస్తే సముద్రం. అంతే.

ఆ ఏడాది చివర ఒకరోజు ఇంట్లో వాళ్లంతా కోతుల ఆట చూడడానికి సర్కస్‌కు వెళ్లారు. ఆయన ఒక్కరే ఇంట్లో ఉండి సముద్ర నక్షత్రం డింభకాన్ని చూస్తున్నారు. అది గాజులాగా పారదర్శకంగా ఉంటుంది కాబట్టి లోపల ఏం జరుగుతున్నా కనబడుతుంది. దాని ఒంట్లో కొన్ని కణాలు ఒకచోట ఉండకుండా అటూ ఇటూ పాకుతున్నాయి. అంతకు ముందు స్పంజికల్లో, ఇలాంటి డింభకాల్లో ఎర్రటి కార్మైన్ రంగు రేణువులు వేసినప్పుడు జీవకణాలు వాటిని మింగడం ఆయన చూశారు. కార్మైన్ ఆహారం కాదు, అయినా మింగాయి. అప్పుడు మెరుపులా ఒక ఆలోచన వచ్చింది. ఈ పాకే కణాలు తిండి కోసమే కాక, బయటి నుంచి వచ్చే శత్రువును తినడానికి కూడా ఉన్నాయేమో. అదే నిజమైతే, రక్తనాళాలు గాని నరాలు గాని లేని ఈ డింభకంలో ముల్లు గుచ్చితే ఆ కణాలు ముల్లు చుట్టూ చేరాలి.

పెరట్లో ఒక చిన్న నారింజ జాతి చెట్టును పిల్లల కోసం క్రిస్మస్ చెట్టుగా అలంకరించి ఉన్నారు. అక్కడి గులాబీ మొక్క నుంచి ముళ్లు తెచ్చి డింభకాల చర్మం కిందికి గుచ్చారు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారగానే చూస్తే పాకే కణాలన్నీ ముల్లు చుట్టూ దట్టంగా మూగి ఉన్నాయి.

1883లో మెస్సీనాకు వచ్చిన ప్రసిద్ధ జర్మన్ వైద్య శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కో వీటిని స్వయంగా చూసి ప్రోత్సహించారు. జాగ్రత్తగా ముందుకు వెళ్లమని కూడా చెప్పారు. ఎందుకంటే తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను ఒళ్లంతా మోసుకుపోయి వ్యాధిని పెంచుతాయని ఆనాటి వైద్యులు చాలామంది నమ్మేవారు. వియన్నాలో కార్ల్ క్లాజ్ అనే ప్రొఫెసర్ ఈ కణాలకు గ్రీకు మాటలతో ఫాగోసైట్ అనే పేరు సూచించారు. మన పాఠ్యపుస్తకాల్లో భక్షక కణం అని ఉండేది అదే.

డాఫ్నియా ఒంట్లో యుద్ధం

ముల్లును చుట్టుముట్టడం వేరు, జబ్బును గెలవడం వేరు అని ఎవరైనా అనవచ్చు. దానికి జవాబు ఆయనకు మంచినీటి గుంటల్లో దొరికింది. డాఫ్నియా అనేది ఒకటి రెండు మిల్లీమీటర్లుండే, ఎగిరెగిరి ఈదే ప్రాణి. అదీ పారదర్శకమే. గుండె కొట్టుకోవడం కూడా కనబడుతుంది. దానికి ఒక శిలీంధ్రం వల్ల జబ్బు వస్తుంది. ఆ శిలీంధ్ర బీజాలు సూదుల్లా ఉంటాయి. డాఫ్నియా వాటిని నీటితో పాటు మింగితే అవి పేగు గోడను చీల్చుకుని ఒంట్లోకి వస్తాయి. రాగానే భక్షక కణాలు మూగి వాటిని మింగి కరిగిస్తాయి. కణాలు గెలిస్తే డాఫ్నియా బతుకుతుంది. బీజాలు ముందే మొలకెత్తి పెరిగితే చనిపోతుంది. ఈ పోరాటాన్ని మెచ్నికోవ్ మొదటి నుంచి చివరి దాకా కళ్లతో చూసి 1884లో ప్రచురించారు. వ్యాధి నిరోధక శక్తి అంటే ఏమిటో బతికున్న ప్రాణిలో కనబడిన తొలి దృశ్యాల్లో అది ఒకటి. తర్వాత ఆ శిలీంధ్రాల ప్రజాతికి ఆయన పేరే పెట్టారు.

మింగినదాన్ని జీవకణం లోపల ఏం చేస్తుందో కూడా ఆయన వెతికారు. ఏకకణ జీవులకు నీలి లిట్మస్ రేణువులు పెడితే లోపలికి వెళ్లాక అవి ఎర్రబడ్డాయి. నీలి లిట్మస్ ఎర్రబడితే అక్కడ ఆమ్లం ఉన్నట్టే కదా. జీవకణం తను మింగినదాన్ని ఒక సంచిలో బంధించి, ఆమ్లంతో అరిగిస్తుందన్నమాట.

పారిస్, నోబెల్, మన దేశం

1886లో ఒడెస్సాలో కొత్తగా పెట్టిన బాక్టీరియా కేంద్రానికి ఆయన్ని అధిపతిని చేశారు. ఆయనకు వైద్య పట్టా లేదని డాక్టర్లు ఎగతాళి చేశారు. ఆయన ఊళ్లో లేనప్పుడు ఆ కేంద్రం వేయించిన టీకాతో వేల గొర్రెలు చనిపోయాయి. 1888లో అక్కడి నుంచి బయటపడి పారిస్‌లో లూయీ పాశ్చర్‌ను కలిశారు. పాశ్చర్ తన కొత్త సంస్థలో ఆయనకు ప్రయోగశాల ఇచ్చారు. చనిపోయే దాకా 28 ఏళ్లు అక్కడే పనిచేశారు.

వాదన మాత్రం ఆగలేదు. రోగాన్ని ఎదిరించేది రక్తపు ద్రవంలోని పదార్థాలే గాని కణాలు కావని జర్మన్ శాస్త్రవేత్తలు వాదించారు. మెచ్నికోవ్ ప్రతి విమర్శకూ కొత్త ప్రయోగంతో జవాబిచ్చారు. చివరకు రెండు వైపులా నిజం ఉందని తేలింది. 1908లో నోబెల్ బహుమతిని మెచ్నికోవ్‌కు, ద్రవం వైపు వాదించిన పాల్ ఎర్లిక్‌కు కలిపి ఇచ్చారు. ఆ డిసెంబరు 28నే భూకంపం వచ్చి మెస్సీనా నగరం నేలమట్టమైంది.

మన దేశానికి కూడా ఆయనతో ఒక చుట్టరికం ఉంది. ఒడెస్సాలో ఆయన శిష్యుడైన వాల్డెమార్ హాఫ్‌కిన్ 1893లో ఇండియాకు వచ్చి కలరా టీకాలు వేశారు. 1897 జనవరి 10న బొంబాయిలో ప్లేగు టీకాను ముందు తన ఒంటి మీదే ప్రయోగించుకున్నారు. అదే ఏడాది ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని చూశారు. ఆ రోజుల్లో చిన్న ప్రాణుల కడుపులోకి ఓపికగా చూసినవాళ్లే పెద్ద జబ్బుల గుట్టు విప్పారు.

ముసలితనంలో ఆయన పెరుగు మీద పడ్డారు. పెరుగులోని మంచి బాక్టీరియా ఆయుష్షును పెంచుతుందని 1907లో పుస్తకం రాశారు. ఆయుష్షు పెరుగుతుందని రుజువు కాలేదు గాని, పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవుల మీద జరుగుతున్న పరిశోధనకు అది ఒక ఆరంభం. హాస్టల్ మజ్జిగలో నీళ్లు ఎక్కువని మనం సణుక్కున్న రోజులు గుర్తున్నాయా? ఆయన అయితే పలచటి మజ్జిగను కూడా సూక్ష్మదర్శిని కింద పెట్టి ఉండేవారు. 1916 జూలైలో 71 ఏళ్ల వయసులో ఆయన గుండె జబ్బుతో పారిస్‌లో కన్నుమూశారు. ఆయన అస్థికలను పాశ్చర్ సంస్థ గ్రంథాలయంలోనే ఉంచారు.

ఆయన చూడలేకపోయింది

మెచ్నికోవ్ వాడిన కార్మైన్ రేణువులు మామూలు సూక్ష్మదర్శినిలో కనబడేంత పెద్దవి. నానో రేణువులు అలా కనబడవు. అందుకే వాటికి వెలుగునిచ్చే గుణం కల్పించి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినులతో నేటి శాస్త్రవేత్తలు వెంబడిస్తున్నారు. తెలిసింది ఏమిటంటే జీవకణానికి ఒక నోరు కాదు, చాలా నోళ్లున్నాయి. సుమారు 500 నానోమీటర్లకు మించిన వాటిని భక్షక కణాలు చేతులు చాచినట్టు చుట్టి మింగుతాయి. అంతకంటే చిన్నవాటికి వేరే దారి. రేణువు కణత్వచానికి అంటుకోగానే ఆ చోట త్వచం గుంటలా లోపలికి నొక్కుకుంటుంది. క్లాత్రిన్ అనే ప్రోటీన్ కింద బుట్టలా అల్లుకుంటుంది. గుంట మూసుకుని చిన్న సంచిగా విడిపోయి లోపలికి వెళ్తుంది. దీనికి శక్తి ఖర్చవుతుంది. చలికి కణం మందగిస్తే మింగడం కూడా తగ్గుతుంది.

ఇంటర్ జువాలజీలో మనం బొమ్మ వేసిన హైడ్రా మీద కూడా ఈ ప్రయోగాలు జరిగాయి. రెండే పొరల కణాలతో, చెరువు మొక్కలకు వేలాడే ప్రాణి అది. మెచ్నికోవ్ యువకుడిగా పనిచేసిన నేపుల్స్ ప్రాంతంలోనే 2000 తర్వాతి సంవత్సరాల్లో శాస్త్రవేత్తలు వెలుగునిచ్చే నానో రేణువులను హైడ్రా ఉన్న నీటిలో వేశారు. కొన్ని రకాల రేణువులు తగలగానే అది టెంటకిల్స్‌ను మెలికలు తిప్పింది. పైభాగంలో ధన విద్యుదావేశం ఉన్న రేణువులు దాని కణాల్లోకి తేలికగా వెళ్లాయి.

ఇక లిట్మస్‌ను ఎర్రబరిచిన ఆ ఆమ్లపు సంచి సంగతి. సూక్ష్మజీవి లోపలికి వస్తే ఆ సంచి దాన్ని చంపుతుంది. అదే వెండి నానో రేణువు వస్తే ఆమ్లంలో కరిగి వెండి అయాన్లు విడుదలవుతాయి. అవి కణానికి విషం. అంటే కణాన్ని కాపాడాల్సిన ఆకలే దాని ప్రాణం మీదికి తెస్తుంది. మరోవైపు అదే దారి మేలు కూడా చేసింది. 2020 చివరి నుంచి కోవిడ్‌కు ఇచ్చిన ఎంఆర్ఎన్ఏ టీకాలు సుమారు 100 నానోమీటర్ల కొవ్వు రేణువుల రూపంలో ఈ సంచుల ద్వారానే కణాల్లోకి వెళ్లాయి. తలుపు ఒకటే. ఎవరు వస్తున్నారన్నది ముఖ్యం.

దుర్గం చెరువు గట్టున

ఆదివారం పూట మేం కొందరం దుర్గం చెరువు గట్టున కలుస్తాం. ఒకప్పుడు గోల్కొండకు మంచినీళ్లు ఇచ్చిన చెరువు అది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక దాని చుట్టూ అద్దాల మేడలు లేచాయి. 2020లో దాని మీద తీగల వంతెన వచ్చింది. జనం వంతెన లైట్లతో ఫోటోలు దిగుతారు. వంతెన కింద నీళ్ల వైపు చూసేవాళ్లు తక్కువ. క్రిములు చేరకుండా వెండి కలిపిన బట్టలు ఉతికితే, టైటానియం డయాక్సైడ్ ఉన్న క్రీము రాసుకుని స్నానం చేస్తే ఆ నీళ్లు ఏదో ఒక కాలువలోకే పోతాయి. అక్కడ మొదట వాటిని మింగేది మనం కాదు, కంటికి ఆనని ప్రాణులు. నీటిలో విషం ఉందో లేదో తేల్చడానికి శాస్త్రవేత్తలు ఇప్పటికీ డాఫ్నియాలను ఆ నీటిలో వేసి 48 గంటలు చూస్తారు. అవి ఈదడం మానేస్తే ఆ నీరు మంచిది కాదు. మెచ్నికోవ్ సూక్ష్మదర్శినిలో చూసిన ప్రాణి ఇప్పుడు మన చెరువులకు కాపలాదారు.

మేం చదువుకున్న బడిలో సూక్ష్మదర్శిని బీరువాలో ఉండేది. తాళం ప్రాక్టికల్స్ రోజునే తీసేవారు. మా వంతు వచ్చేసరికి గంట కొట్టేవారు. హైడ్రా బొమ్మ మాత్రం కళ్లు మూసుకుని వేయగలిగాం, హైడ్రాను ఒక్కరం కూడా చూడలేదు. ఆ లోటు మీకు ఉండకూడదని ఈ ఏడాది మేమంతా తలా కొంత వేసుకుని హాస్టల్‌కు ఒక సూక్ష్మదర్శిని తెస్తున్నాం. దాన్ని బీరువాలో పెట్టవద్దని వార్డెన్ సారును ముందే కోరాం.

తమ్ముళ్లారా, ఊరికి వెళ్లినప్పుడు మీ చెరువు నుంచి ఒక సీసాడు నీళ్లు తెచ్చుకోండి. ఒక చుక్క అద్దం మీద వేసి చూడండి. ఏదో ఒకటి కదులుతుంది. అది ఏం తింటోందో, ఎలా తింటోందో గమనించి నోట్సులో రాసుకోండి. మెచ్నికోవ్ మెస్సీనాలో చేసింది అంతకంటే ఎక్కువ సామానుతో కాదు. మనసు బాగా కుంగిన రాత్రి మాత్రం ఒంటరిగా ఉండకండి. పక్క మంచం వాణ్ని లేపండి, సారును లేపండి, మాకు ఫోన్ చేయండి, లేదా ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు చేయండి. ఏ వేళైనా పలుకుతారు. తెల్లారి చూడాల్సింది ఇంకా చాలా ఉంది.

– హైటెక్ సిటీలో ఉంటున్న మీ పూర్వ విద్యార్థులు